బొడ్డున దోపిన కత్తి: సూళ్లూరుపేట తీరప్రాంతంలో చేతిపని చాకు - వృత్తి, భాష, ఆకర్షణ

వ్యాససంగ్రహం

కమ్మరి చేత చేయించుకొని నిత్యం వెంట ఉంచుకొనే చిన్న కత్తి పట్ల మనుషులకు గల మమకారానికి కారణాలేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పులికాట్ సరస్సు అంచున, తెలుగు-తమిళ సరిహద్దులో ఉన్న సూళ్లూరుపేట ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని, కరణాల గంటం, గీతకార్మికుల కత్తి, తాంబూలపు సంచిలోని అడకత్తెర వంటి వస్తువులను, వాటి చుట్టూ ఏర్పడిన తెలుగు మాటలను వివరిస్తుంది. జేబుకత్తి వంశక్రమం యోధుని కంటె రాతగానికే దగ్గరదనీ, దాని ఆకర్షణ అందంలో కంటె ‘చేయించుకోవడం’లోనే ఎక్కువగా ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చాకు, గంటం, కవిలె, కమ్మరి, పదును, గీతవృత్తి, సూళ్లూరుపేట, పులికాట్.

1. ఉపోద్ఘాతం

సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున, చెన్నై-గూడూరు రైలుమార్గంపై ఉన్న పట్టణం. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. తూర్పున పులికాట్ సరస్సు, దానికి ఆవల శ్రీహరికోట దీవి. దక్షిణాన తడ దాటితే తమిళనాడు. తాటితోపులు, ఉప్పుగాలి, చేపలవేట, మాగాణి వ్యవసాయం, అడవి సేకరణ - ఇన్ని జీవనోపాధులు ఇంత చిన్న పరిధిలో కలిసి ఉన్న చోట, ప్రతి వృత్తికీ తనదైన కత్తి ఉండడం సహజం.

కత్తులను గురించిన రచనలు సాధారణంగా రెండు దారులు పడతాయి. ఒకటి రాజుల ఆయుధాగారాల దారి. ఖడ్గాలు, కటారులు, పిడిబాకులు, వాటి పొదుగుపని. రెండవది వ్యవసాయ పనిముట్ల దారి. కొడవలి, గొడ్డలి, పార. ఈ రెంటికీ నడుమ ఒక వస్తువు జారిపోయింది. అది మనిషి బొడ్డున దోపుకొన్నది, సంచిలో వేసుకొన్నది, తరువాతి కాలంలో చొక్కా జేబులో పెట్టుకొన్నది. యుద్ధానికి పనికిరాదు, పొలానికి చాలదు. అయినా అది లేనిదే ఇల్లు కదలనివారు ఉండేవారు. ప్రస్తుత వ్యాసానికి విషయం ఆ చిన్న కత్తి.

2. మాటల సాక్ష్యం

‘కత్తి’ తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలన్నిటిలోనూ ఉన్న మాట. ‘కత్తెర’ సంస్కృత ‘కర్తరి’ నుంచి వచ్చింది. ‘చురకత్తి’లోని ‘చుర’ వెనుక సంస్కృత ‘క్షురిక’ ఉంది. ‘చాకు’ మాత్రం పారశీ, ఉర్దూల మీదుగా వచ్చిన పదం. ఇక కత్తి అవయవాలకు తెలుగులో ఉన్న పేర్లు చూడదగినవి: పట్టుకొనేది పిడి, కోసే అంచు వాదర, ఇనుపరేకు అలుగు, కొస మొన, దాచేది ఒర. ఇంత చిన్న వస్తువుకు ఇన్ని అవయవనామాలు ఉన్నాయంటే దానిని రోజూ చేతబట్టి, అరగదీసి, బాగుచేయించినవారు ఆ భాషను మాట్లాడారని అర్థం.

ఇంతకంటె ఆసక్తికరమైనది నుడికారం. కత్తి చేరిన జాతీయాలలో చాలావరకు వైరం, అపాయం ఉంటాయి: కత్తులు నూరడం, కత్తి దూయడం, కత్తి మీద సాము, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడకపోవడం. చాకు చేరిన జాతీయం మాత్రం మెచ్చుకోలు. ‘చాకులాంటి పిల్లవాడు’ అంటే చురుకైనవాడు, చెప్పిన పని ఇట్టే చేసుకువచ్చేవాడు. కోసే గుణం రెంటిదీ ఒకటే; తేడా పరిమాణంలోనూ, వాడుకలోనూ ఉంది. పెద్ద కత్తి ఎదుటివాని వైపు చూస్తుంది, చిన్న కత్తి పని వైపు చూస్తుంది. ఈ భేదాన్ని వాడుకభాష ఏ శాసనమూ లేకుండానే పాటిస్తూ వచ్చింది.

కత్తిని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి నేరుగా అందించకూడదనీ, కింద పెడితే ఎదుటివారు తీసుకోవాలనీ తెలుగు ఇళ్లలో ఒక నియమం ఉంది. చేతికిస్తే తగవు వస్తుందని చెప్పే కారణం నమ్మకమే కావచ్చు గాని, వాదర ఎవరి వైపు తిరిగి ఉండాలో చెప్పే జాగ్రత్త కూడ అందులో ఉంది. బాలింత పక్కన ఇనుపముక్కనో చిన్న కత్తినో ఉంచడం, కొన్ని కులాలలో పెళ్లికుమారుడు మొనకు నిమ్మకాయ గుచ్చిన బాకును పట్టుకోవడం, మహానవమి నాడు పనిముట్లన్నిటితో పాటు కత్తికీ పసుపుకుంకుమలు పెట్టడం - వీటన్నిటా కత్తి కోయదు, కాపలా కాస్తుంది. వెంట కత్తి ఉంటే ధైర్యమని రాత్రివేళ ఒంటరిగా నడిచేవారు అనుకోవడానికి మూలం ఈ భావనలోనే వెదకాలి.

3. రాతగాని కత్తి

జేబుకత్తి చరిత్రను వెదికేవారు ఆయుధశాలను విడిచి తాళపత్ర గ్రంథాలయం వైపు నడవవలసి ఉంటుంది. తాటాకుపై రాయడానికి ఇనుప గంటం ఒక్కటే చాలదు. ఆకును ఈనె నుంచి వేరుచేయాలి, కొలతకు కత్తిరించాలి, అంచులను సమంగా చెక్కాలి, తాడు పోయే రంధ్రం చేయాలి. ఈ పనులన్నిటికీ చిన్న, పదునైన కత్తి కావాలి. రాతగాడు రెండు వస్తువులను విడివిడిగా మోయకుండా, దక్షిణదేశపు కమ్మరులు రెంటినీ ఒకటి చేశారు.

గంటాలలో మూడు రూపాలను ప్రధానంగా చెప్పవచ్చు. మొదటిది తల గుండ్రంగా, బరువుగా ఉండి, కింద మొన గలది. రెండవదానిలో ఒక కొన రాసే మొన. రెండవ కొన సాగగొట్టిన కత్తి. మూడవది మడతగంటం. తమిళులు దీనిని ‘మడక్కెళుత్తాణి’ అంటారు. పిడిలో ఒక వైపు నుంచి గంటపు మొన, మరొక వైపు నుంచి కత్తి అలుగు బయటికి వస్తాయి. పని ముగియగానే రెండూ పిడిలోకి మడుచుకొంటాయి. బొడ్డున దోపుకొన్నా ఒంటికి గుచ్చుకోదు, బట్ట చిరగదు. నేటి మడతచాకుకు కావలసిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి: ఇరుసు, దాచుకొనే అలుగు, రెండు పనులు చేసే ఒకే పిడి. సూళ్లూరుపేట వంటి సరిహద్దు ప్రాంతంలో తెలుగు కరణమూ, తమిళ కణక్కుపిళ్లయీ పక్కపక్క గ్రామాలలో లెక్కలు రాసినవారే కనుక, పనిముట్ల రూపాలకు భాషాసరిహద్దు ఉండిందని అనుకోనక్కరలేదు.

కరణం చేతిలో ఈ వస్తువుకు వృత్తిపరమైన బరువు ఉండేది. గ్రామపు భూముల వివరాలు, పన్నులు, మాన్యాలు, తగవుల తీర్పులు కవిలెలకు ఎక్కేవి. కాలిన్ మెకంజీ (1754-1821) పరివారం గ్రామగ్రామాన సేకరించి రాయించిన కైఫీయతులలో చాలావాటికి ఆధారం ఇటువంటి దండకవిలెలే. పొలం ఎవరిదో తేల్చే ఆకును చెక్కిన కత్తి ఏ పోట్లాటలోనూ దూయకపోయినా ఊరిలో అందరికంటె శక్తిమంతమైన కత్తి అదే. గంటం మొన జారకుండా ఆనించడానికి ఎడమచేతి బొటనవేలి గోరును పెంచి, దానికి చిన్న గంటు పెట్టుకొనే అలవాటు కూడ రాతగాళ్లకు ఉండేది. పనిముట్టు మనిషిని కూడ కొంత చెక్కింది.

ఇది తెలుగుదేశానికే పరిమితమైన విషయం కాదు. పారశీ లేఖకులు రెల్లుకలం చెక్కడానికి వాడిన చిన్న కత్తికి ‘కలంతరాష్’ అని పేరు. ఆంగ్లంలో జేబుకత్తికి నేటికీ వాడే ‘పెన్‌నైఫ్’ అనే మాట పక్షి ఈకను కలంగా చెక్కిన కాలం నుంచి మిగిలినది. మూడు వేర్వేరు రాత సంప్రదాయాలు - తాటాకు, రెల్లుకలం, ఈకకలం - మూడూ రాతగాని వెంట ఒక చిన్న కత్తిని నిలిపాయి. నిత్యం వెంట కత్తి ఉంచుకొన్నవాడు అనగానే కయ్యానికి కాలుదువ్వేవాడు గుర్తుకు రావడం చరిత్రకు న్యాయం చేయదు. లెక్కలు రాసేవాడు గుర్తుకు రావాలి.

కాగితం, సిరా, ఉక్కుపాళీ వచ్చిన తరువాత కత్తి అవసరం పోయింది. 1932లో రాజమహేంద్రవరంలో మొదలైన రత్నం పెన్నుల తయారీని ఈ సందర్భంలో స్మరించవచ్చు. చేతితో చేసినది, జేబులో ఉండేది, యజమాని చేతివాటానికి తగినట్లు పాళీ సరిచేయించుకొనేది అయిన ఆ స్వదేశీ కలం, ఒక విధంగా మడతగంటానికి వారసురాలు. ఇక పెన్సిలు చెక్కుకొనే బడిపిల్లల చేతిలో చాకు స్థానాన్ని సగం విరిచిన షేవింగు బ్లేడు ఆక్రమించింది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయ్యేనాటికి గంటం ఎప్పుడో అటక ఎక్కింది.

4. చెట్టు, వల, తాంబూలం

రాతగాని కత్తి అటకెక్కినా, మిగిలిన వృత్తుల కత్తులు దిగలేదు. గీతకార్మికుడు మోకు, ముస్తాదులతో పాటు కత్తిని నడుము వెనుక కట్టుకొని తాడెక్కుతాడు. రెండు చేతులూ చెట్టును పట్టుకోవలసి ఉన్నందున కత్తి ఒంటికి అంటిపెట్టుకొని ఉండక తప్పదు. గెలను పలుచని పొరలుగా గీయాలి. మందంగా తెగితే గెల త్వరగా అయిపోతుంది, వాదర మొద్దుబారితే పీచు చిట్లి కల్లుధార తగ్గుతుంది. అందువల్ల ఈ కత్తికి మంగలికత్తితో పోల్చదగిన వాడి కావాలి. చెక్కపై సన్నని రాతిపొడి చల్లి రోజూ నూరుకోవడం గీతవృత్తిలో భాగం. వృత్తికి ‘గీత’ అనే పేరే కత్తి చేసే పని నుంచి వచ్చింది.

పులికాట్ సరస్సులో వలకు చిక్కిన మొద్దునో, పీచునో తప్పించడానికి, దారం తెంపి మళ్లీ ముడి వేయడానికి పడవలో చిన్న కత్తి ఉండాలి. శ్రీహరికోట యానాదులు చిరివేరు, తేనె మొదలైన అటవీ ఫలసాయాన్ని సేకరించి జీవించినవారు. బట్టల అద్దకంలో ఎరుపు రంగునిచ్చిన ఆ చిరివేరుకు తీరమంతటా గిరాకీ ఉండేది. వారి జీవనాన్ని 1901లో వెలువడిన రంగారావు రచన, దానిని ఉపయోగించుకొన్న థర్‌స్టన్ సంపుటాలు (1909) విపులంగా నమోదు చేశాయి. తీగ నరకడం, తేనెపట్టు కోయడం, వేరు తవ్వడం వంటి పనులలో ఇనుము లేకుండా అడుగు పడదు. అంతరిక్ష కేంద్రం కోసం 1969లో దీవి ఎంపికైన తరువాత ఆ అడవితో యానాదుల సంబంధం మారిపోయింది. అడవిలో పని లేనప్పుడు నడుమున కత్తికీ పని ఉండదు.

తాంబూలపు సంచి సంగతి వేరు. అందులో ఆకులు, వక్కలు, సున్నపుకాయ, అడకత్తెర ఉండేవి. ఇద్దరు పెద్దమనుషులు అరుగుపై కూర్చొని మాట్లాడుకొంటున్నప్పుడు అడకత్తెర చేతులు మారేది. వక్కను ఎంత సన్నగా కత్తిరిస్తే అంత మర్యాద. ఒకరి కత్తి మరొకరికి ఉపయోగపడడం, పొగడ్త అందుకోవడం, ‘ఎవరు చేశారు?’ అనే ప్రశ్నకు కమ్మరి పేరు చెప్పడం - వెంట ఉండే వస్తువుల ఆకర్షణలో ఈ సాంఘికాంశం చిన్నది కాదు.

5. కొనడం కాదు, చేయించుకోవడం

కత్తికి సంబంధించిన తెలుగు క్రియలలో పలు ప్రేరణార్థకాలు ఉండడం గమనార్హం. కత్తి చేయిస్తారు, పిడి వేయిస్తారు, సాన పట్టిస్తారు, పదును పెట్టిస్తారు. కమ్మరి ఆయగాళ్లలో ఒకడు. పంటకాలంలో మేర తీసుకొని ఏడాది పొడుగునా పనిముట్లు చేసి, బాగుచేసి ఇచ్చేవాడు. ఈ ఏర్పాటులో కత్తి అంటే ఒకసారి డబ్బిచ్చి తెచ్చుకొనే సరుకు కాదు, ఇద్దరు మనుషుల మధ్య సాగే సంబంధం. కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా, ఏ పనికి వాడతాడు, ఎంత నిర్లక్ష్యంగా వాడతాడు అనేవన్నీ కొలిమి దగ్గరివానికి ముందే తెలుసు. కర్మాగారపు చాకు ఎంత నాణ్యమైనదైనా ఈ ఎరుకను అందించలేదు.

పనితీరును కొంత వివరంగా చూడవలసి ఉంది. నేటి గ్రామీణ కమ్మరి ఎక్కువగా వాడేది పాత లారీల కమానుపట్టీ ఉక్కు. దానిలో కర్బనం సుమారు నూటికి అరవంతు ఉంటుంది. గట్టిపడడానికి అది చాలు. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి, ఆకురాయితో రూపు తెచ్చి, మళ్లీ కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచుతారు. ముంచగానే ఉక్కు గట్టిపడుతుంది గాని పెళుసవుతుంది. ఆ స్థితిలో రాయిపై పడితే గాజులా విరుగుతుంది. కనుక మళ్లీ స్వల్పంగా వేడి చేయాలి. మెరుగుపెట్టిన ఉక్కుపై వేడికి రంగులు పాకుతాయి: సుమారు 220 డిగ్రీల సెల్సియస్ వద్ద లేత గడ్డిరంగు, 300 డిగ్రీల దరిదాపుల్లో నీలం. సన్నని వాదర కావలసిన చాకుకు గడ్డిరంగు వద్ద, దెబ్బ తట్టుకోవలసిన నరుకుడుకత్తికి నీలం వైపు ఆపాలి. ఉష్ణమాపకం లేదు, కన్ను, కొలిమి గది చీకటి, అనుభవం ఉన్నాయి.

ఈ ప్రక్రియ అంతటికీ తెలుగులో ఉన్న మాట ‘పదును’. ఇదే మాటను రైతు నేల విషయంలో వాడతాడు. వాన కురిసిన తరువాత దున్నడానికి, విత్తడానికి సరిపడిన తేమ ఉన్న స్థితి నేల పదును. మరీ తడిస్తే బురద, ఆరితే గట్టి పెడ్డ; నడిమి స్థితి కొద్దికాలమే ఉంటుంది, దానిని గుర్తుపట్టగలవాడే వ్యవసాయదారుడు. ఉక్కు విషయంలోనూ సరిగ్గా ఇంతే: మెత్తనకూ పెళుసుకూ నడుమ, క్షణాలలో దాటిపోయే ఒక మేలైన స్థితి. ఒకే మాటతో రెంటినీ చెప్పిన భాషకు పొలమూ కొలిమీ ఇరుగుపొరుగులుగా తెలుసు.

ఉక్కు గురించి మరొక మాట. ఐరోపా శాస్త్రజ్ఞులను ఆకర్షించిన ‘వూట్జ్’ అనే పేరుకు దక్షిణభారత భాషల ‘ఉక్కు’ పదమే మూలమని సాధారణంగా అంగీకరిస్తారు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో ఉక్కు తయారుచేసే తీరును 1820ల నాటి హెన్రీ వాయిసీ వర్ణన లోకానికి తెలిపింది. పారశీ వర్తకులు ఆ ఉక్కు కోసం అక్కడికి వచ్చేవారు. ఇక సూళ్లూరుపేట నుంచి సరస్సు దాటితే, పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశకు కవచంగా అమరేది మారేజింగ్ ఉక్కు. దానిలో గట్టిదనం కర్బనం వల్ల కాక నికెల్ మొదలైన లోహాల వల్ల వస్తుంది. అయినా కాల్చి, చల్లార్చి, మళ్లీ మితంగా వేడిలో ఉంచి గట్టిదనం రాబట్టే సూత్రం చూసి కమ్మరి ఆశ్చర్యపడనక్కరలేదు.

తీరప్రాంతంలో కర్బనపు ఉక్కుకు శత్రువు ఉప్పుగాలి. వాడి, తుడవకుండా పెట్టిన కత్తికి తెల్లవారేసరికి తుప్పు మచ్చ పడుతుంది. నూటికి 10 వంతులకు పైగా క్రోమియం కలిసిన తుప్పుపట్టని ఉక్కు ఈ బెడదను చాలావరకు తప్పించింది. బజారు చాకులన్నీ దానితో చేసినవే. అయినప్పటికీ పాతరకం కత్తిని ఇష్టపడేవారు చెప్పే కారణం సులభంగా కొట్టివేయదగినది కాదు: కర్బనపు ఉక్కు మామూలు రాయి మీద త్వరగా పదునెక్కుతుంది. తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసే అలవాటు కూడ యజమానిని కత్తికి కట్టివేస్తుంది. మామిడికాయ, నిమ్మకాయ, చేప కోసి కోసి అలుగుపై నల్లని, నీలపు ఛాయలు ఏర్పడతాయి. అవి చెరగవు. ఏ ఇద్దరి కత్తులకూ ఒకే ఛాయ రాదు.

పిడికి తుమ్మ, చింత వంటి గట్టికర్రలు, గేదెకొమ్ము వాడతారు. జింకకొమ్ము పిడికి ఒకప్పుడు విలువ ఎక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది నేరం. పాతవస్తువుల సేకరణకర్తలు ఈ సంగతి మరువరాదు.

6. అనుమానపు నీడ

వెంట కత్తి ఉన్న మనిషిని నేటి సమాజం సంశయంతో చూస్తుంది. సినిమాలలో రాంపురి చాకు దుండగుని చేతి వస్తువై, వేటకొడవలి కక్షల గుర్తై స్థిరపడిన తరువాత ఈ సంశయం మరింత పెరిగింది. వలసపాలనలోనూ ఇటువంటి భయం ఉంది. మలబారులో మాప్పిళ్లల యుద్ధకత్తులపై 1854లో ప్రత్యేక చట్టమే చేశారు. దీనికి భిన్నంగా కొడగులో కొడవలు సంప్రదాయ వేషంలో ‘పీచెకత్తి’ని నేటికీ గౌరవచిహ్నంగా ధరిస్తారు. ఒకే వస్తువు ఒక చోట నేరశంకను, మరొక చోట కులగౌరవాన్ని మోస్తున్నది.

1959 ఆయుధచట్టపు నియమాలు పరిమాణానికి ఒక గీత గీశాయి: 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులను, గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాల కోసం చేసినవి మినహాయించి, ఆయుధవర్గంలో చేర్చాయి. జేబుచాకు ఈ కొలతలకు ఎంతో లోపల ఉంటుంది. అయినా విమానాశ్రయపు తనిఖీ వద్ద, అంతరిక్ష కేంద్రం వంటి రక్షిత ప్రదేశాల వద్ద అది లోపలికి పోదు, పోకూడదు కూడ. చట్టం అనుమతించినంత మాత్రాన రద్దీ బజారులో చాకు తీసి చూపడం మర్యాద కాదన్నది వేరే చెప్పనక్కరలేదు.

7. నేటి ఆకర్షణ

ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఒపినెల్ మడతచాకు, జపానులోని మికి పట్టణపు హిగోనోకామి చాకు నేటికీ అమ్ముడుపోతున్నాయి. రెండూ రైతులకు, విద్యార్థులకు చవకగా దొరికిన పనిచాకులే. అవి ఆ రూపాన్ని విడవలేదు. విలువైన కళావస్తువులుగా మారి పెట్టెలలో చేరలేదు. తెలుగునాట అలా ఒక ప్రాంతపు పేరుతో నిలిచిన జేబుచాకు ప్రసిద్ధికెక్కలేదు. దానికి కారణం నైపుణ్యలోపం కాదు. ఇక్కడి కత్తి ఊరి కమ్మరికీ, ఊరివారికీ మధ్య తయారైంది. దానికి బజారులో చెలామణీ కావలసిన పేరుతో పని లేకపోయింది. మేర పద్ధతి పోయి, యంత్రపు సరుకు వచ్చినప్పుడు కాపాడడానికి ఒక పేరంటూ మిగలలేదు.

పరిశోధకులకు చేయదగిన పని ఇక్కడ ఎంతో ఉంది. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోనూ, 1939లో మొదలైన తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. ఆకు అంచు చెక్కుడు తీరు, రంధ్రపు ఆకారం ఏ రకపు కత్తి వాడారో చెప్పగలవు. గ్రంథవర్ణనలలో ఆకుల సంఖ్య, పంక్తుల సంఖ్యతో పాటు ఈ వివరాలూ చేరవలసినవి. కరణాల ఇళ్లలో మిగిలిన గంటాల విషయంలో అలుగు పొడవు, ఇరుసు బిగింపు, పిడి పదార్థం, ఎన్నిసార్లు సానపట్టగా ఎంత అరిగిందో చూపే అంచువంపు నమోదు కావాలి. కత్తిని శుభ్రం చేయాలనే ఉత్సాహంతో ముందుగా ఆ నల్లని ఛాయను ఉప్పుకాగితంతో రుద్దివేయరాదు; దాని యజమాని ఏమి కోశాడో, ఎంతకాలం కోశాడో చెప్పగలిగినది ఆ పొర ఒక్కటే.